ఒకే బల్ల – కృపా సువార్త

పాఠ్యభాగము: గలతీయులకు 2:11–21



వార్డులో నర్సులను అందరూ అడిగే ప్రశ్నలు జ్వరము గురించో, ఆపరేషన్ గురించో, బిల్లు గురించో అయి ఉంటాయని చాలామంది అనుకుంటారు. అవి పగటిపూట ప్రశ్నలు. రాత్రి డ్యూటీలో, లైట్లు తగ్గించి, పక్క మంచము వాళ్లు నిద్రపోయాక మెల్లగా చెయ్యి ఊపి పిలిచి అడిగే ప్రశ్న వేరు. "సిస్టరమ్మా, నేనేం పాపము చేశానని దేవుడు నాకీ జబ్బు పెట్టాడు?" క్యాన్సరు వచ్చిన తల్లి అడుగుతుంది. కాలు తీసివేసిన షుగరు రోగి అడుగుతాడు. ఏడో నెలలో బిడ్డను పోగొట్టుకున్న ఇరవై ఏళ్ల అమ్మాయి అడుగుతుంది. కొందరు దీనిని కర్మ అంటారు. మన క్రైస్తవ కుటుంబములవారు శాపము అంటారు, లేదా దేవుని శిక్ష అంటారు. మాట మారింది గాని మోసే బరువు ఒక్కటే.

ప్రతి ఆదివారము ఆరాధనకు వచ్చేవారు, దశమభాగము ఇచ్చేవారు, స్త్రీల సమాజములో పాటలు పాడేవారు కూడా ఈ ప్రశ్నతోనే కన్నీరు పెట్టుకుంటున్నారు. అంటే మన సంఘముల మధ్యలో ఉండవలసినది ఏదో పక్కకు జరిగింది. మేము చూసినంతవరకు, జరిగినది కృపా సువార్తే.

ఆ సువార్త ఏమిటో తేలిక మాటలలో చెప్పుకుందాము. మనము మంచివారమైన తరువాత కాదు, ఇంకా పాపులముగా ఉన్నప్పుడే క్రీస్తు మన కొరకు సిలువమీద మరణించి తిరిగి లేచాడు. ఆయనను నమ్ముకున్నవానిని దేవుడు ఆయనను బట్టే తన బిడ్డగా చేర్చుకుంటాడు. ఇందులో మన సంపాదన ఏమీ లేదు (రోమా 5:6–8, ఎఫెసీ 2:8–9). పనిచేసినవానికి ఇచ్చేది జీతము. జీతము ఇచ్చినవాడు దయచూపాడని ఎవరూ అనరు, బాకీ తీర్చాడంటారు. దేవుడు మనకు ఇచ్చినది ఆ విధమైనది కాదని పౌలు రోమా పత్రిక నాలుగవ అధ్యాయములో వివరించాడు.

"ఇది సండేస్కూల్లోనే నేర్చుకున్నాము కదండీ, దీనిలో క్రొత్త ఏముంది?" అని కొందరు పెద్దలు అంటారు. కృప అనేది సంఘములో చేరడానికి గేటు పాసు వంటిదని, లోపలికి వచ్చాక నడిపించేది మన ప్రయాస, మన ఉపవాసము, మన కానుక అని వారి ఆలోచన. అయితే పౌలు గలతీ పత్రికను వ్రాసినది సంఘము బయటివారికి కాదు. అప్పటికే బాప్తిస్మము పొంది, పరిశుద్ధాత్మను పొంది, సంఘముగా కూడుకుంటున్నవారికి వ్రాశాడు. వారికే అంత ఘాటుగా వ్రాయవలసి వచ్చింది. ఆయన పత్రికలు పదమూడూ తీసి చూడండి. ప్రతి ఒక్కటీ కృప అనే దీవెనతో మొదలవుతుంది, చివరిలో మళ్లీ కృప అనే మాట వస్తుంది. మొదట ఒకసారి నేర్చుకుని వదిలివేసే పాఠమైతే ఇన్నిసార్లు వ్రాసేవాడు కాదు.

అంతియొకయలో జరిగినది

అంతియొకయ సిరియా దేశములో పెద్ద పట్టణము. యేసు శిష్యులను క్రైస్తవులని మొట్టమొదట పిలిచినది అక్కడే (అపొ. కార్యములు 11:26). ఆ సంఘములో యూదులూ ఉన్నారు, అన్యజనులూ ఉన్నారు. యూదుల ఆచారము ప్రకారము అన్యజనులతో కలిసి భోజనము చేయడము తప్పు. అయినా ఆ సంఘములో అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటున్నారు. పేతురు కూడా వచ్చినప్పుడు వారితో కలిసి భోంచేశాడు. ఆయనకు ఇది క్రొత్త కాదు. అంతకుముందే యొప్పేలో దర్శనము చూసి, కైసరయకు వెళ్లి, రోమా శతాధిపతియైన కొర్నేలీ ఇంట్లో అడుగు పెట్టినవాడు.

ఇంతలో యెరూషలేము నుండి, యాకోబు దగ్గరనుండి కొందరు మనుష్యులు వచ్చారు. వారు ఏమనుకుంటారో అని పేతురుకు భయము పట్టుకుంది. మెల్లమెల్లగా అన్యజనుల బల్లనుండి వెనుకకు తగ్గాడు. ఆయనను చూసి మిగిలిన యూదా విశ్వాసులు తగ్గారు. చివరకు బర్నబా కూడా తగ్గాడు. బర్నబా అంటే ఆదరణ పుత్రుడని పేరు పొందినవాడు, ఎవరూ నమ్మని సౌలును చేయి పట్టుకుని అపొస్తలుల యొద్దకు తీసుకువెళ్లినవాడు. అటువంటివాడే తప్పుకున్నాడంటే ఆ భయము ఎంత బలమైనదో మీరే ఆలోచించండి.

ఇక్కడ ఒక సంగతి మేము ఎన్నోసార్లు గమనించాము. పేతురు తన బోధ మార్చుకోలేదు. "రక్షణ కృపవలన కాదు" అని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు ఆయనను ప్రసంగము చెప్పమంటే బహుశా కృప గురించే చక్కగా చెప్పి ఉండేవాడు. ఆయన చేసినది ఒక్కటే, తన పళ్లెము పక్కకు జరుపుకున్నాడు. పౌలు దానిని మర్యాద లేనితనమని అనలేదు, అందరి ఎదుట నిలబడి అది సువార్త సత్యమునకు సరిపడే నడత కాదన్నాడు (14వ వచనము). ఆ తరువాత వెంటనే, ధర్మశాస్త్రము మూలముగా నీతి దొరికేటట్లయితే క్రీస్తు మరణము వృథాయే కదా అనే పెద్ద మాటకు వెళ్లాడు (21వ వచనము). భోజనపు పళ్లెము దగ్గర మొదలైన మాట సిలువ దగ్గరకు చేరింది.

కృప పోయేది విశ్వాస ప్రమాణములో కాదు, ముందు బల్ల దగ్గర పోతుంది. ప్రమాణము ప్రతి ఆదివారము చదువుతూనే ఉంటాము.

మన ఒంగోలులో

ఇటువంటి పరీక్షే మన తెలుగు సంఘమునకు కూడా వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు 1865లో ఇండియాకు వచ్చి, 1866లో ఒంగోలులో కాపురము పెట్టారు. మొదట పెద్ద కులములవారు కొందరు సువార్త వినడానికి ఇష్టపడ్డారు. దొరగారికి ఎంతో ఆశ కలిగింది. అదే కాలములో యెర్రగుంట్ల పేరయ్య గారు, మాదిగ కులములో పుట్టి తోలు వ్యాపారము చేసుకునే మనిషి, క్రీస్తును నమ్ముకుని 1866లో బాప్తిస్మము పొందారు. ఆయన వెనుక ఆయన జనులు రాసాగారు. అప్పుడు పెద్ద కులములవారు స్పష్టముగా చెప్పారు, వీరిని చేర్చుకుంటే మేము రాము అని.

దొరగారు ఎటూ తేల్చుకోలేక తన గదిలోకి వెళ్లి క్రొత్త నిబంధన తెరిచారు. మొదటి కొరింథీ మొదటి అధ్యాయములో, లోకము ఎన్నికలేనివారని త్రోసివేసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగము కంటబడింది. అదే సమయములో మరొక గదిలో ఆయన భార్య కూడా అదే భాగము చదువుతున్నారట. ఇద్దరూ దానిని దేవుని జవాబుగా తీసుకున్నారు. తరువాత 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. పెద్ద కులములవారి కొరకు వేరే బల్ల వేయలేదు.

ఇది సగము మాత్రమే. పదేళ్ల తరువాత 1876–78లో ధాత కరువు వచ్చింది. జనము ఆకలితో చనిపోతున్నారు. దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు, కూలి ఇచ్చారు. ఆ రోజులలో బాప్తిస్మము ఇవ్వమని ఎంతోమంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నము కొరకు యేసును ఒప్పుకోవడము ఆయనకు ఇష్టము లేదు. కరువు తీరి, సహాయపు సొమ్ము పంచడము ఆగిపోయాక, ఇక చేతికి ఏమీ రాదని తెలిసికూడా వచ్చినవారికి బాప్తిస్మము ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకుంటాము. దానికి ముందు ఆయన వద్దన్న ఆ నెలలు మాకు ఇంకా గొప్పగా కనిపిస్తాయి. కాలువ దగ్గర ఇచ్చినది కూలి, ఏటి దగ్గర ఇచ్చినది కృప. ఆ రెంటినీ ఆయన కలపలేదు. పుట్టుకను చూసి ఎవరినీ బయట నిలబెట్టలేదు, ఆకలిని చూసి ఎవరినీ కొనలేదు.

నేటి బల్ల

మరి ఇప్పుడు? ఊరు పేరు చెప్పము గాని, ఒకే డినామినేషన్‌కు ఒకే ఊళ్లో రెండు మందిరములున్న చోట్లు మనకు తెలుసు. ఎందుకు రెండున్నాయో కూడా తెలుసు. పెళ్లి భోజనములలో వేరు బంతులు, సమాధుల తోటలో వేరు వరుసలు. పట్టణములలో కులము మాట బయటకు రాదు, దానికి బదులు ముందు వరుస కుర్చీలు వచ్చాయి. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకున్నవాని గురించి వ్రాసినది చదివితే మొన్నటి ఆదివారము గురించి వ్రాసినట్లుంటుంది.

చిత్రమేమిటంటే మా జనరల్ వార్డులో ఇది అంతగా కనబడదు. ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కనివారు ఇక్కడ పక్కపక్క మంచముల మీద పడుకుంటారు. మూడో రోజుకల్లా ఈమె క్యారియరులో చారు ఆమె గిన్నెలోకి వెళుతుంది. "వదినా, మా వాడు ఇంకా రాలేదు, కాస్త మాత్ర వేయి" అంటారు. నొప్పి అందరినీ సమానము చేసింది. సంఘములో ఆ పని చేయవలసినది నొప్పి కాదు, సిలువ.

రోగముల విషయములో ఈ దూరము మరీ బాధ కలిగిస్తుంది. భర్త ఎయిడ్స్‌తో చనిపోయి, తనకూ హెచ్.ఐ.వి. ఉన్న ఒక సహోదరి మా దగ్గర మందులు వాడుతోంది. ఆమె ఆరాధనకు వెళ్లి తలుపు పక్కన కూర్చుంటుంది. ప్రభురాత్రి భోజన సమయము రాగానే లేచి వెళ్లిపోతుంది. ఎవరూ పొమ్మనలేదు. ఒకసారి ఆమె తరువాత గిన్నె తీసుకోవలసినవారు వరుస మారారు, అంతే. పేతురు పళ్లెము జరిపినట్లే. కొంతకాలము తరువాత ఆ సంఘ పెద్ద ఒకాయన విషయము తెలుసుకుని, మా డాక్టరు గారిని అడిగి వెళ్లి, ఆ ఆదివారము ఆమెను పిలిచి, తాను ఆమె వెనుక నిలబడి, ఆమె త్రాగిన గిన్నెలోనే త్రాగాడు. ప్రసంగము ఏమీ చేయలేదు. ఆ తరువాత ఆమె తలుపు పక్కన కూర్చోవడము లేదు.

భయమున్నవారి కొరకు మేము నర్సులుగా చెప్పవలసినది చెబుతాము. హెచ్.ఐ.వి. ఒకే గిన్నెలో త్రాగడము వలన, ఒకే పళ్లెములో తినడము వలన, చేయి కలపడము వలన, కౌగిలించుకోవడము వలన రాదు. కుష్ఠు వ్యాధికి బహుళ ఔషధ చికిత్స మొదలుపెట్టిన కొద్ది రోజులలోనే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. వ్రేళ్లు వంకరపోయి ఉన్నంతమాత్రాన అతని నుండి అంటుకుంటుందని కాదు, చికిత్స పూర్తయినా ఆ వంకర మిగిలిపోవచ్చు. క్షయ వ్యాధి దగ్గు ద్వారా గాలిలో వ్యాపిస్తుంది, పాత్రల ద్వారా కాదు. సరియైన మందులు క్రమముగా వేసుకుంటే సాధారణముగా కొన్ని వారములలోనే అంటించే ప్రమాదము బాగా తగ్గిపోతుంది. ఆ కొన్ని వారములు మాస్కు కట్టుకుని, గాలి వచ్చేచోట ఉండమంటాము. తరువాత కూడా దూరము పెడితే అది జాగ్రత్త కాదు. ప్రభువు కుష్ఠురోగిని మాటతోనే బాగుచేయగలిగి ఉండి కూడా ముందు చేయి చాపి ముట్టుకున్నాడు (మార్కు 1:41).

రోగము శిక్షయా?

రాత్రి డ్యూటీ ప్రశ్నకు వద్దాము. పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు అడిగినది సరిగ్గా ఇదే. వీడు పాపము చేశాడా, వీని కన్నవారా? రెండూ కాదన్నాడు ప్రభువు (యోహాను 9:1–3). సిలోయములో గోపురము కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు కూడా, వారు మిగిలినవారికంటె ఎక్కువ పాపులు కారని చెప్పాడు (లూకా 13:4–5).

పాపము వెంట రోగము వచ్చిన సందర్భములు బైబిలులో లేకపోలేదు. అయితే ఒకరికి మలేరియా వచ్చిందని జ్వరము వచ్చిన ప్రతివారికీ మలేరియా మందు ఇవ్వము కదా. త్రాగుడు వలన లివరు చెడిపోవడము, పొగాకు వలన నోటి క్యాన్సరు రావడము, ఇవి కారణము, ఫలితము. ఆ అలవాటు మానమని మేము గట్టిగానే చెబుతాము. కానీ ఆ మంచము మీద ఉన్న మనిషిని దేవుడు వదిలివేశాడని చెప్పే అధికారము మాకు లేదు, పరామర్శకు వచ్చిన బంధువులకూ లేదు. దయచేసి విజిటింగ్ టైములో యోబు స్నేహితులవలె మాట్లాడకండి. వారు మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు, వారు చేసిన మంచి పని అదే.

విశ్వాసికి రావలసిన శిక్ష క్రీస్తుమీద పడిపోయింది. దేవుడు ఒకే బాకీని రెండుసార్లు వసూలు చేసేవాడు కాడు. మేము ఆ అమ్మాయికి చెప్పేది ఇదే. ఎందుకు వచ్చిందో మాకు తెలియదమ్మా, కోపముతో మాత్రము రాలేదు.

కానుకల గురించి ఒక్క మాట. ఇంత ఇస్తే స్వస్థత, ఇన్ని వారములు వస్తే గర్భఫలము అని చెప్పే కూటములు మన చుట్టూ ఉన్నాయి. నయమాను బాగుపడి వచ్చి బహుమానము ఇవ్వబోతే ఎలీషా ఒక్క వస్త్రము కూడా పుచ్చుకోలేదు (2 రాజులు 5:15–16). కృతజ్ఞతగా ఇచ్చే కానుక వేరు, ఫీజుగా కట్టే కానుక వేరు. ఆపరేషన్ కొరకు దాచుకున్న డబ్బు తీసుకువెళ్లి అక్కడ ఇచ్చి, గడ్డ పెద్దదయ్యాక మా దగ్గరకు వచ్చిన తల్లులను మేము చూశాము.

ఉచితమైతే అలుసైపోదా, ఇష్టము వచ్చినట్లు బ్రతకరా అని అడుగుతారు. రోమా ఆరవ అధ్యాయము ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. క్షయ రోగులకు ప్రభుత్వము మందులు ఉచితముగా ఇస్తుంది. వాటికి ఖరీదు లేదని కాదు, రోగి కట్టలేదంతే. ఉచితముగా వచ్చింది కదా అని బీరువాలో పెట్టుకుంటే దగ్గు పోదు. కనీసము ఆరు నెలలు వేసుకుంటేనే బాగుపడతాడు. అయితే మాత్రలు వేసుకున్నందుకు అతడు మందు వెల కట్టినట్లు కాదు. కృపను పుచ్చుకున్నవాడు అలాగే మారతాడు. కృపయే మనకు భక్తిగా బ్రతకడము నేర్పుతుందని తీతు 2:11–12లో ఉంది.

ఇదే చోట ఒక హెచ్చరిక కూడా. ప్రార్థన చేయించుకున్నాక మందులు ఆపితేనే విశ్వాసమున్నట్లు అని ఎవరైనా చెబితే వినకండి. క్షయ మందులు మధ్యలో ఆపితే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. మూర్ఛ మాత్రలు, ఇన్సులిన్ హఠాత్తుగా ఆపితే ప్రాణము మీదకు వస్తుంది. మాత్ర వేసుకోవడము అవిశ్వాసమైతే, తిమోతి కడుపు జబ్బు కొరకు పౌలు చెప్పిన సలహాను ఏమనాలి (1 తిమోతి 5:23)?

శ్రమల దినముల ఉపవాసము

ప్రతి సంవత్సరము లెంటు నలభై దినములలో షుగరు తగ్గిపోయి స్పృహ తప్పిన స్థితిలో కొందరిని ఆటోలో తీసుకువస్తారు. ఎక్కువగా పెద్దవారు, అమ్మలు. "మాత్ర వేసుకున్నాను, అన్నము తినలేదు" అంటారు. ఎందుకమ్మా అంటే, కొడుకు ఉద్యోగము కొరకు మొక్కుకున్నానంటారు, లేదా అందరూ ఉంటుంటే నేను తింటే బాగుండదంటారు. ఉపవాసము మంచిది, ప్రభువే ఉన్నాడు. కానీ దానితో దేవుని దగ్గర మార్కులు రావు, తిన్నవారికి మార్కులు తగ్గవు. సంఘ పెద్దలు వేదిక మీదనుండి ఈ ఒక్క మాట చెబితే మా క్యాజువాలిటీకి వచ్చేవారు తగ్గుతారు. షుగరు ఉన్నవారు భోజనము మానడానికి బదులు టీ.వీ. మానవచ్చు, కూర ఒకటి తగ్గించి ఆ డబ్బు పేదలకు ఇవ్వవచ్చు.

చెమటలు పట్టడము, చేతులు వణకడము, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబడడము, ఇవి షుగరు పడిపోతున్న గుర్తులు. ప్రార్థన మధ్యలోనైనా సరే వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించండి. పదిహేను నిమిషములలో తేరుకోకపోతే మరలా ఇవ్వండి, తేరుకున్నాక భోజనము పెట్టండి. స్పృహలో లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తులలోకి పోతుంది. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఉపవాసము ఉండదలచిన షుగరు, బి.పి., కిడ్నీ రోగులు, గర్భిణీ స్త్రీలు భస్మ బుధవారమునకు కనీసము ఒక వారము ముందుగా మా ఓ.పి.కి వచ్చి డాక్టరు గారిని కలవండి. వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు తెచ్చుకోండి.